మోచెయ్యి దాటిన ఎర్ర గీత

మాట్లాడొద్దన్నారు. పొద్దున్నే చిన్న డాక్టరు నా మంచం పక్కన నిలబడి, బతిమాలుతున్నాడో బెదిరిస్తున్నాడో తెలియని గొంతుతో, "బాబాయ్, ఇవాళ మా మెడికల్ పిల్లలకి పరీక్ష. ఒక్కొక్కళ్లే వస్తారు, నీ చెయ్యి చూస్తారు, నొక్కుతారు. ఎలా మొదలైందని అడిగితే చెప్పు. జబ్బు పేరు మాత్రం చెప్పకు. పెన్నుతో ఈ గీత ఎందుకు గీశామో అది అసలే చెప్పకు. ఒక్క గంట నోరు కట్టేసుకో, చాలు" అన్నాడు. ఒక్క గంటట! నోట్లో నువ్వుగింజ నానని మనిషిని పట్టుకుని గంటసేపు నోరు కట్టేసుకోమంటే ఎలా? నాది సెలూన్. కత్తెర సగం, కబుర్లు సగం. కుర్చీలో కూర్చున్నవాడి మెడకి గుడ్డ చుట్టి ముడి వేశానంటే, వాడి ఇంట్లో గొడవల దగ్గర్నుంచి వాడి ఆఫీసరు బుద్ధుల దాకా అన్నీ నా చెవిన పడాల్సిందే, వాటి మీద నా వ్యాఖ్యానం వాడు వినాల్సిందే. గుడ్డ చుట్టాక ఎక్కడికి పోతాడు? ఇవాళ ఆ గుడ్డ నా మెడకి పడింది. నడుం దాకా దుప్పటి, ఎడమ చేతికి సెలైన్ గొట్టం, మంచం చుట్టూ ఆకుపచ్చ తెర. తెర అవతల ఒక బల్ల, దాని మీద నొక్కితే టింగుమనే గంట. అది మోగినప్పుడల్లా ఒక పిల్లాడు పోతాడు, ఇంకో పిల్ల వస్తుంది. నేను మాత్రం ఇక్కడే ఉంటాను.

అసలు ఇదంతా ఒక్క వెంట్రుక చేసిన పని అంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వండి. కత్తిరించిన వెంట్రుక ముక్క సూదికన్నా తక్కువేం కాదు. పొట్టిగా, బిరుసుగా ఉండే జుట్టు మరీను. తడిసిన చేతికి వేళ్ల సందున మెత్తటి చర్మం చూసుకుని దిగుతుంది, లోపల తిష్ట వేస్తుంది. నాకు కుడిచేతి మధ్యవేలికీ ఉంగరపువేలికీ నడుమ దిగింది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం అంటే ఏమిటో నన్ను చూసి నేర్చుకోవాలి. ఎదురుగా కుర్చీలో మనిషి సగం గడ్డంతో కూర్చుని ఉన్నాడు. వాడి కంట పడకూడదని అద్దానికి వీపు తిప్పి పాత బ్లేడు మూలతో కెలికాను. రక్తం వచ్చింది, పటిక రాశాను. గడ్డం తెగినా పటికే, మొటిమ చిట్లినా పటికే, మా లోకంలో పటికకి మానని గాయం లేదు. ఇంట్లో మా ఆవిడ "ఏదీ, ఆ చెయ్యి ఇలా తే" అంటే "నీ పని నువ్వు చూసుకో" అని కసిరాను. చేతికి పుండు ఉందని తెలిస్తే ఎవడు గడ్డం అప్పజెబుతాడు? కత్తి పదును చూపించాలి, చేతి గాయం దాచాలి, ఇది మా వృత్తిలో మొదటి పాఠం. వేలికి గుడ్డ చుట్టుకున్న పూట కుర్చీ ఖాళీగా ఉంటుంది. అందుకని దాచాను. తర్వాత ఒకరోజు స్నానం చేస్తుంటే మణికట్టు లోపలివైపు నుంచి పైకి ఒక ఎర్ర గీత కనిపించింది. ఎవరికో జుట్టుకి వేసిన రంగు అంటుకుందనుకుని సబ్బు పెట్టి రుద్దాను. నా తెలివి అలా ఏడిసింది. రుద్దేకొద్దీ మండింది గానీ పోలేదు.

మా ఆవిడే ఇక్కడికి లాక్కొచ్చింది. ఇప్పుడు బయట వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది, సంచీ ఒళ్లో పెట్టుకుని. పెద్ద డాక్టరు పొద్దున నా చేతిని కిటికీ వెలుతురుకి తిప్పి, ఎరుపు ఎందాకా వచ్చిందో చూసి, మోచేతి మడతకి కాస్త కింద నల్ల పెన్నుతో అడ్డంగా గీత గీశాడు. "మందు ఎక్కిస్తున్నాం. అది పని చేస్తే ఎరుపు ఇక్కడే ఆగుతుంది. ఈ గీత దాటిందంటే వేళ్ల మధ్య లోపలెక్కడో చీము పట్టినట్టు. థియేటర్లోకి తీసుకెళ్లి కోసి చూడాలి. దాటితే వెంటనే చెప్పాలి, తెలిసిందా?" అన్నాడు. తెలిసిందని తలూపాను. దాటింది. పిల్లలు రాకముందే దాటింది. దుప్పటి సర్దుకుంటూ చూసుకున్నాను, నల్ల గీతకి పైన, మోచేతి మడత మీదుగా, సన్నగా, ఎర్రగా, ఒకటి కాదు, రెండు పాయలుగా పాకుతోంది. అప్పుడు నేనేం చేశాను? మడిచిపెట్టిన చొక్కా చేతిని ఒక మడత విప్పి కిందికి లాగాను. పెన్ను గీత కనపడేలా, దాని పైది కనపడకుండా. కొలత తప్పకుండా, చెవి పక్కన కత్తి ఎక్కడ ఆపాలో అక్కడ ఆపినట్టు లాగాను. రోజూ మనుషుల గొంతు మీద కత్తి పెట్టేవాడికి కోత అంటే భయమా అంటారేమో. అవును, భయమే, ఛస్తున్నాను భయంతో.

నాకు కత్తెర పట్టడం నేర్పిన గురువుగారికి ఇలాగే వేలు వాచింది. ఆస్పత్రిలో కోశారు. పుండు మానింది, వేలు కొయ్యబారింది. కత్తెరలో దూరాల్సిన వేలు వంగకపోతే ఇంకేముంది? కత్తెర ఆయన తమ్ముడి చేతికి పోయింది, ఆయన చేతికి చీపురు వచ్చింది. తన సెలూన్లో తనే, తమ్ముడు కత్తిరించి పడేసిన జుట్టు ఊడ్చుకుంటూ బతికాడు. పాతవాళ్లు ఎవరైనా కుర్చీలోంచి "గురూ, ఎలా ఉన్నావ్?" అంటే తల ఎత్తేవాడు కాదు. ఎంత మనిషి! బుడగ ఊది, దాని నిండా నురగ పూసి, పగలకుండా గీయరా అనేవాడు మొదట్లో నాతో. పగిలిందంటే నా ముఖమంతా నురగ, ఆయన పడీ పడీ నవ్వు. ఆ నవ్వు చీపురు పట్టాక మళ్లీ వినలేదు. నేను అలా బతకలేను. నాకు ఇంకో పని రాదు. చెబితే కోత. చెప్పకపోతే ఏమవుతుందో అదీ తెలుసు, మరీ అంత మొద్దునేం కాదు. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అది నేనే. మందు ఇంకా పడుతోంది కదా, చుక్క తర్వాత చుక్క, కాసేపట్లో అదే తగ్గిపోతుందేమో, తగ్గితే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు కదా అని పడే ప్రతి చుక్కకీ మనసులో ఒక దణ్ణం పెడుతూ పడుకున్నాను.

గంట మోగింది. మొదటివాడు వచ్చాడు. తలనిండా జెల్. వెనక మెడ దగ్గర మిషన్ ఎగుడుదిగుడుగా తిప్పారు, ఎవడు చేశాడో గానీ వాడి చేతులు విరగ్గొట్టాలి. నాకు మనుషులు ముఖాలతో గుర్తుండరు, జుట్టుతోనే గుర్తు. జెల్ బాబు నా వంక చూడలేదు, చెయ్యి వంకే చూశాడు. వేళ్ల సందు చూశాడు, ఎర్ర గీత చూశాడు, నల్ల గీత చూడగానే ముఖం చేటంత చేసుకున్నాడు, జవాబు ఎవరో రాసిపెట్టినట్టు. వేలితో నొక్కితే ఎరుపు తెల్లబడి మళ్లీ నిండింది. నేను పళ్లు బిగబట్టాను. "నొప్పిగా ఉందా?" అన్నాడు. లేదు, చక్కిలిగింతలు పెడుతున్నావు అందామని నాలిక చివరి దాకా వచ్చింది, "ఉంది బాబూ" అన్నాను. చొక్కా మీద నుంచే చంకలో రెండు వేళ్లు ఆనించి తీసేశాడు. తర్వాత పైకి చూస్తూ పెదాలు కదుపుతూ పాఠం అప్పజెప్పుకున్నాడు. లింఫ్ నాళాల వాపు, ఎర్రటి చార, వేడి, నొప్పి, చంకలో బిళ్లలు, జ్వరం, నాడి వేగం. అన్నీ కరెక్టే నాయనా, కాస్త ఆ చొక్కా చెయ్యి పైకి లాగు. లాగకు. లాగకురా బాబూ, నీకు పుణ్యం ఉంటుంది. లాగలేదు. గంట. తర్వాత నూనె జడ వచ్చింది, తర్వాత దువ్వెన ముఖం ఎరగనివాడు వచ్చాడు. అందరూ నల్ల గీత దాకా వచ్చి ఆగిపోతున్నారు, రోడ్డు అక్కడితో అయిపోయినట్టు. ఎవరైనా లాగేస్తే పీడా పోయేది, నా నోటితో నేను చెప్పే బాధ తప్పేది. ఎవరూ లాగకపోతే వేలు దక్కేది. ఒకే బుర్రలో రెండు కోరికలు, రెండూ నావే, ఒకదాని జుట్టు ఒకటి పట్టుకుని కొట్టుకుంటున్నాయి.

చలి మొదలైంది. ఫ్యాను ఆపమందామంటే నోరు తెరవకూడదు, తెరిస్తే చలెందుకు అంటారు. దుప్పటి కింద మోకాళ్లు వణుకుతున్నాయి, చంకలో మాత్రం ఎవరో నిప్పు రాజేసి కూర్చున్నారు. చెయ్యి ఒంటికి ఆనించలేను, దూరంగా పెట్టలేను. ఈ ఆకుపచ్చ తెర ఇంత దగ్గరగా ఉందేమిటి, పొద్దున ఇంకాస్త అవతల ఉండేది. లేచి పోదామంటే ఎడమ చేతికి గొట్టం కట్టేసి ఉంది. తెర అవతల ఇద్దరు సిస్టర్లు గొంతు తగ్గించామనుకుని మాట్లాడుకుంటున్నారు.

"ఆ ముందుజుట్టు అమ్మాయి మళ్లీ వచ్చింది చూశావా? పోయినసారి కూడా ఇందులోనే పోయింది."

"పాపం, ఈసారి కూడా పోతే చదువు మానేసి వచ్చెయ్యమన్నార్ట వాళ్ల నాన్న."

"తెలివైందే. నోరు రాదు, అంతే. అన్నీ తెలిసీ గుటకలు మింగుతుంది."

గంట మోగి తెర తప్పుకోగానే ఈ అమ్మాయేనని తెలిసిపోయింది. నుదుటి మీద జుట్టు ఎడమవైపుకి ఎగిరిపోయి ఉంది, తనే అద్దం ముందు నిలబడి ఏ చిన్న కత్తెరతోనో కత్తిరించుకుంది. నిద్రలేని కళ్లు. "చెయ్యి చూడొచ్చా అండీ?" అంది. అప్పటిదాకా ఎవరూ అడగలేదు. చల్లగా ఉంటాయేమోనని అరచేతులు రెండూ రుద్దుకుంది. వేళ్ల వెనక భాగంతో నా కుడిచేతి వేడి చూసింది, అదే వేళ్లతో ఎడమ చేతి వేడి చూసింది. ఎర్ర గీత పొడుగునా వేలు పోనిస్తూ, "నరం వాపు అయితే తాడులా గట్టిగా తగలాలి, తగలట్లేదు" అని తనలో తను గొణుక్కుంది. వేళ్లు మడవమంది. మధ్యవేలు సగంలో ఆగిపోయింది, నా ప్రాణం గుటుక్కుమంది. నాడి పట్టుకుని కాసేపు తన గడియారం చూసింది, మళ్లీ నా ముఖం చూసింది. ఆ తర్వాత, అయ్యో, అదే జరిగింది. "చొక్కా తీయగలరా అండీ? భుజం దాకా చూడాలి" అంది.

"చలిగా ఉందమ్మా, వద్దులే. పైన ఏం లేదు. పొద్దున పెద్ద డాక్టరుగారు చూశారుగా" అన్నాను. ఎంత సాఫీగా వచ్చిందో అబద్ధం! ఆ అమ్మాయి చెయ్యి చొక్కా అంచు దగ్గర ఆగింది. ఏదో అనబోయి గుటక మింగింది. తెర అవతల గంట మీద చెయ్యి వేసుకుని కూర్చున్న మనిషి వైపు చూసింది. "సరే అండీ, కప్పుకోండి" అని దుప్పటి నా ఛాతీ దాకా లాగి, కుడిచెయ్యి నలగకుండా పక్కన సర్దింది. తిట్టి ఉంటే హాయిగా ఉండేది.

అందాకా తెర అవతల బల్ల దగ్గరే జవాబులు విన్న పరీక్ష పెట్టేవాళ్లు ఈసారి వచ్చి మంచం కాళ్ల దగ్గర నిలబడ్డారు. ఒకాయన మా పెద్ద డాక్టరు. రెండో ఆయన, ఆ గంట దగ్గర కూర్చున్నాయనే, ఇంకెక్కణ్ణుంచో వచ్చినట్టున్నాడు, మిగిలిన నాలుగు వెంట్రుకల్ని ఈ చెవి నుంచి ఆ చెవికి వంతెనలా వేసుకున్నాడు. వెనక చిన్న డాక్టరు, నోరు జాగ్రత్త అన్నట్టు నన్నే చూస్తూ. బట్టతలాయన అడిగాడు, అమ్మాయి చెప్పింది. వేళ్ల సందులో గాయం, పైకి పాకుతున్న చార, వేడి, నొప్పి, గట్టిపడని నరం, వంగని మధ్యవేలు, వేగంగా కొట్టుకుంటున్న నాడి, వణుకు. గొంతు చిన్నదే గానీ ఒక్కటీ వదల్లేదు. నా ఒంట్లో ఇన్ని ఉన్నాయా అనిపించింది నాకే.

"చార ఎందాకా ఉంది?"

"పెన్ను గీత దాకా కనిపించింది సార్."

"దాని పైన?"

"చూడలేదు సార్."

"ఎందుకు చూడలేదు?"

ఇప్పుడు చెబుతుంది. ఈయనే వద్దన్నాడు సార్, చలి అన్నాడు, పైన ఏం లేదన్నాడు అని నా మీదకి తోసేస్తుంది. తోసెయ్ తల్లీ, నీ సొమ్మేం పోయింది? ఆ అమ్మాయి నా వైపు ఒక్కసారి చూసింది, గుటక మింగింది. "నేను చూసి ఉండాల్సింది సార్" అంది. పెద్ద డాక్టరు నిట్టూర్చాడు. "చొక్కా విప్పించి చెయ్యి మొత్తం చూడకపోతే నువ్వు ఇన్ని చెప్పి ఏం లాభం? పోయినసారీ ఇదే అన్నాం." బట్టతలాయన పెన్నుకి మూత పెట్టాడు. "సరే, వెళ్లమ్మా." అంతే. నా చెయ్యి ఎవరూ చూడరు. సాయంత్రం పెద్ద డాక్టరు మళ్లీ వచ్చేదాకా నా గీత నా చొక్కా చేతి కింద భద్రంగా ఉంటుంది, ఈలోగా మందు పని చేయనూ వచ్చు. బతికిపోయానురా దేవుడా. బతికిపోయినవాడికి ఇంత సిగ్గెందుకు? ఆ పిల్ల వెళ్లి వాళ్ల నాన్నకి ఏమని చెబుతుంది, ఒక సెలూన్వాడు చలి అన్నాడని చెబుతుందా? గురువుగారు కూడా చలికాలం కాకపోయినా చెయ్యి జేబులోంచి తీసేవాడు కాదు. అవును, కోతకి ముందు ఎన్ని రోజులు! ఒంటిచేత్తో డబ్బా మూతలు తీసేవాడు, ఒంటిచేత్తో తువ్వాలు దులిపేవాడు, ఏమైంది గురూ అంటే ఏం లేదురా అనేవాడు. కోసి నా వేలు పాడుచేశారని జీవితాంతం తిట్టాడు, మేమూ ఆయనతో కలిసి తిట్టాం. ఆ జేబు గురించి మాత్రం ఎవరం ఒక్క మాట అనలేదు. మూర్ఖుడా, కోత కాదురా ఆయన వేలు తిన్నది, జేబు తిన్నది. ఆ అమ్మాయి అప్పటికే తెర పక్కకి తీస్తోంది.

"ఆగండి సార్!"

చిన్న డాక్టరు అదిరిపడ్డాడు. "బాబాయ్, నిన్ను మాట్లాడొద్దన్నాను కదా..."

"ఊరుకో నాయనా, ఇంక నావల్ల కాదు. సార్, ఆ అమ్మాయి అడిగింది. చొక్కా తీయండి, భుజం దాకా చూడాలి అని అడిగింది. నేనే వద్దన్నాను. పైన ఏం లేదని అబద్ధం చెప్పాను. నన్నేమైనా అనండి, ఆ పిల్లని అనకండి."

బట్టతలాయన ఆ అమ్మాయిని చూశాడు, నన్ను చూశాడు, పెన్ను మూత మళ్లీ తీశాడు. "నేనింకా గంట కొట్టలేదు కదా. చూడమ్మా." ఆ అమ్మాయి వచ్చి గుండీలు విప్పింది, కుడిచేతి నుంచి చొక్కా మెల్లగా జార్చింది. ఎరుపు పొద్దుటి కంటే చాలా దూరం పోయింది. రెండు పాయలూ మడత దాటి, కండ మీదుగా ఎక్కి, చంకలోకి పోతున్నాయి. అంత దూరం పోయిందని నేనూ అప్పుడే చూడటం. మోచెయ్యి కింద తన చెయ్యి పెట్టి బరువంతా తను మోస్తూ పైకెత్తింది, రెండో చేతి వేళ్లు చంక లోతుల్లోకి పోనిచ్చింది. నేను పెట్టిన కేకకి వరండాలోంచి మా ఆవిడ సంచీ పడేసి పరిగెత్తుకొచ్చింది.

"బిళ్ల కట్టింది సార్, పెద్దది. చాలా నొప్పిగా ఉంది. చార చంక దాకా వచ్చేసింది." ఈసారి గుటకలు లేవు.

పెద్ద డాక్టరు వంగి చూశాడు. "ఎప్పుడు దాటింది?"

"ఈ పిల్లలు రాకముందే."

"చెప్పమన్నాను కదయ్యా!"

"కోస్తారని చెప్పలేదు" అన్నాను. మా ఆవిడ "నాక్కూడా చెప్పలేదా?" అని నా కాళ్లు పట్టుకుని అక్కడే కూలబడింది. చిన్న డాక్టరు థియేటరుకి ఫోన్ చేయడానికి పరిగెత్తాడు. "వేళ్లు వంగుతాయా సార్? ఆ వేళ్లే నాకు అన్నం" అన్నాను. పెద్ద డాక్టరు నా వేళ్ల వైపు చూస్తూ, "ఇప్పుడే కోస్తే వంగొచ్చు, మాట మాత్రం ఇవ్వలేను. సాయంత్రం దాకా దాచి ఉంటే వేళ్ల గురించి అడిగేవాడివి కాదు, చెయ్యి గురించి అడిగేవాడివి" అన్నాడు.

ఆ అమ్మాయి ఇంకా నా మోచెయ్యి వదల్లేదు. ఒళ్లంతా వణుకుతోంది, ఆపుకోవడం మానేశాను. "భయంగా ఉందమ్మా" అన్నాను. భయపడకండి అంటుందనుకున్నాను, అందరూ అనేది అదేగా. "ఉంటుందండీ" అంది. "రెండో చెయ్యి కూడా ఎత్తండి. అటువైపు కూడా చూడాలి." సిస్టర్ వచ్చి సెలైన్ గొట్టం పక్కకి పట్టుకుంది. చొక్కా సగం ఒంటి మీద, సగం మంచం మీద. మా ఆవిడ ముందు, డాక్టర్ల ముందు, తెర సందులోంచి తొంగిచూస్తున్న జెల్ బాబు ముందు రెండు చేతులూ పైకెత్తాను.

"చూడమ్మా" అన్నాను. "బాగా చూడు."